ఆన్‌లైన్ కోర్సు ఇంగ్లీషుకి ఒక చిన్న కార్పస్: శ్రీకాకుళం ప్రాజెక్టు డైరీ

తెలుగు మీడియంలో చదివి డిగ్రీకి వచ్చిన పిల్లల చేత ఇంగ్లీషులో నడిచే ఆన్‌లైన్ కోర్సు చేయిస్తున్న లెక్చరర్ల కోసం ఈ డైరీ. మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ. నేను ఇంగ్లీషు చెబుతాను. ఈ పనిలో నాతోపాటు మా స్టాటిస్టిక్స్ మేడమ్ ఉన్నారు. పిల్లలు 34 మంది. ఆమదాలవలస, పొందూరు, నరసన్నపేట, పలాస వైపుల నుంచి వస్తారు. కోర్సు పరిచయ స్థాయి గణాంక శాస్త్రం: 8 వారాలు, 40 వీడియోలు, మొత్తం 20 గంటలు. స్వయం, ఎన్‌పీటెల్ కోర్సుల్లో ఉండే పద్ధతే. వారం వారం వీడియోలు, వారానికో అసైన్‌మెంట్, ఆఖర్న సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్ష.

చేసిన పని ఇది. కోర్సులో ఉన్న మాటలన్నీ ఒకచోట పోగేశాం. ఇలా పోగేసిన పాఠాన్నే కార్పస్ అంటారు. ఏ మాట ఎన్నిసార్లు వస్తోంది, దేని పక్కన వస్తోంది, పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది లెక్కగట్టి, అక్కడికి సరిపడా తెలుగు నోట్సు తయారుచేశాం. న్యూజీలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయం వాళ్లు ఫ్లాక్స్ పేరుతో ఆన్‌లైన్ కోర్సుల ఉపన్యాసాల నుంచి ఇలాంటి సేకరణలు చేశారు. మన దగ్గర కాలేజీ ల్యాబ్‌లో ఉన్న పాత కంప్యూటర్ మీద కూడా ఇది సాధ్యమే.

వాడిన పనిముట్లు:

1. ఆంట్‌కాంక్. టోక్యోలోని వసేదా విశ్వవిద్యాలయంలో లారెన్స్ ఆంథొనీ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్. మాటల జాబితాలు, కాంకార్డెన్స్ (ఒక మాట వచ్చిన వాక్యాలన్నీ ఒకచోట వరసగా చూపే జాబితా), పక్కపక్కన వచ్చే మాటల గుత్తులు అన్నీ ఇందులోనే చూడొచ్చు.
2. ఆంట్‌వర్డ్‌ప్రొఫైలర్. ఇదీ ఆయనదే, ఉచితం. మన పాఠంలో ఏ స్థాయి మాటలు ఎంత శాతం ఉన్నాయో చెబుతుంది.
3. పైథాన్. ఫైళ్లు శుభ్రం చెయ్యడానికి మాత్రమే.
4. ఒక ఎక్సెల్ షీటు. నిజం చెప్పాలంటే ఎక్కువ పని జరిగింది ఇందులోనే.

మొదటి దశ: క్యాప్షన్లు

వీడియోల కింద వచ్చే ఆటోమేటిక్ క్యాప్షన్ ఫైళ్లతో మొదలుపెట్టాం. అన్నీ కలిపి లెక్క వేస్తే 4,61,000 మాటలు వచ్చాయి. 20 గంటలంటే 1,200 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి 384 మాటలు. ఏ మాస్టారూ అంత వేగంగా పాఠం చెప్పలేరు.

ఫైలు తెరిచి చూస్తే కారణం తెలిసింది. ఆటోమేటిక్ క్యాప్షన్లు తెర మీద పైకి జరుగుతూ వస్తాయి. కింద లైను పైకి వెళ్లినప్పుడల్లా ఫైల్లో అది మళ్లీ నమోదవుతుంది. ఒక్కో లైను ఇంచుమించు మూడేసి సార్లు ఉంది. ఇది పట్టించుకోకుండా ముందుకు వెళ్తే ఆ తర్వాత వేసే లెక్కలన్నీ తప్పుతాయి. మాటల గుత్తుల లెక్క మరీ పాడవుతుంది, ఎందుకంటే లైను చివరి మాట తర్వాత అదే లైను మొదటి మాట వచ్చి, లెక్చరర్ ఎప్పుడూ అనని జతలు పుడతాయి.

చేసిన క్రమం:

1. టైమ్ గుర్తులున్న మొత్తం ఫైలుని వేరుగా కాపీ చేసి దాచి, పనిచేసే ఫైల్లోంచి ఆ గుర్తుల లైన్లు తీసెయ్యాలి. పారెయ్యకండి, నాలుగో దశలో వాటితో పెద్ద పని ఉంది.
2. ముందు లైనుతో సమానంగా ఉన్న లైనుని తీసెయ్యాలి.
3. మిగిలినదాన్ని నిమిషాలతో భాగించి చూడాలి. 110 నుంచి 160 మధ్య ఉంటే సరిపోయినట్టే.

శుభ్రం చేశాక 1,56,400 మాటలు. నిమిషానికి 130.

తర్వాతి చిక్కు తప్పుగా వినబడ్డ మాటలు. మాటల జాబితాలో "పాయిజన్" 58 సార్లు కనబడింది. గణాంక శాస్త్రంలో విషానికి పనేం లేదు కదా! అది పాయ్‌జాన్ అనే గణిత శాస్త్రజ్ఞుడి పేరు మీదున్న పంపిణీ. ఒక్క ఆదేశంతో అన్నీ మార్చేశాం. "వేరియంట్స్" 131 చోట్ల ఉంది. ఇవన్నీ "వేరియన్స్" (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) అనుకుని మార్చెయ్యబోతే మేడమ్ ఆపారు. కాంకార్డెన్స్‌లో ఒక్కో వాక్యం చదివితే 4 చోట్ల నిజంగానే వేరియంట్స్. "మీన్" అన్నది "మెన్"గా పడ్డవి ఇంకా కష్టపెట్టాయి. మొత్తం 46లో 27 మాత్రమే సగటు గురించి. మిగతా 19 ఆడవాళ్ల ఎత్తు, మగవాళ్ల ఎత్తు పోల్చే ఉదాహరణలో వచ్చిన మగవాళ్లే. అందుకే పాఠం అర్థం తెలిసినవాళ్లు పక్కన లేకుండా క్యాప్షన్లు దిద్దొద్దు. ఇంగ్లీషు మాస్టారు ఒక్కరే కూర్చుంటే ఈ పని అవ్వదు.

ఇంకో మాట. కోర్సు పేజీలో లైసెన్స్ ఏముందో ముందే చదవండి. మేం మొత్తం పాఠాన్ని ఎవరికీ పంచలేదు. నోట్సులో విడి వాక్యాలే ఇచ్చి, ఒక్కోదానికి వీడియో నంబరు, నిమిషం రాశాం.

ఇప్పటివరకు లెక్క: 40 ఫైళ్లు, 1,56,400 మాటలు, దిద్దిన మాటలు 212.

రెండో దశ: ప్రశ్నల భాషని విడిగా పెట్టడం

8 అసైన్‌మెంట్లు, ఒక్కోదానిలో 10 ప్రశ్నలు. ఆప్షన్లతో కలిపి 3,720 మాటలు. చాలా చిన్నది. ఉపన్యాసాల ఫైల్లోనే కలిపేద్దామా అన్న మాట వచ్చింది. కలపలేదు. చెప్పే భాష వేరు, అడిగే భాష వేరు కావచ్చని మేడమ్ అన్నారు. ఆమె పాఠాలు చెప్పిన అనుభవంతో అన్న మాట అది. ఐదో దశలో అంకెలు చూశాక ఈ ప్రాజెక్టులో తీసుకున్న అన్ని నిర్ణయాల్లో ఇదే ముఖ్యమైనదని నాకు అర్థమైంది.

ఇప్పటివరకు లెక్క: 1,60,120 మాటలు, రెండు వేర్వేరు ఫోల్డర్లలో.

మూడో దశ: మాటల జాబితాలు

మొదట ఉపన్యాసాల్ని ప్రొఫైలర్‌లో వేశాం. పోల్చడానికి రెండు ప్రసిద్ధ జాబితాలు వాడాం. ఒకటి మైకేల్ వెస్ట్ 1953లో ప్రచురించిన సుమారు 2,000 సాధారణ మాటల జాబితా. రెండోది 2000లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్, 570 పద కుటుంబాలు (ఒక మాట, దాని నుంచి పుట్టిన రూపాలు కలిపి ఒక కుటుంబం). 35 లక్షల మాటల విద్యా గ్రంథాల కార్పస్ నుంచి ఆమె దాన్ని తీశారు.

మా ఉపన్యాసాల్లో వచ్చిన శాతాలు:

– మొదటి వెయ్యి సాధారణ మాటలు: 82.1
– రెండో వెయ్యి: 4.6
– అకడమిక్ జాబితా: 6.2
– ఏ జాబితాలోనూ లేనివి: 7.1

పాల్ నేషన్ 2006లో చేసిన లెక్క ప్రకారం, మాట్లాడే ఇంగ్లీషులో 98 శాతం మాటలు తెలియాలంటే 6,000 నుంచి 7,000 పద కుటుంబాలు రావాలి. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకి అన్ని మాటలు ఎనిమిది వారాల్లో నేర్పలేం. కానీ ఈ కోర్సుకి అంత అక్కర్లేదు. మొదటి వెయ్యి మాటలే 82 శాతం పాఠాన్ని మోస్తున్నాయి. మిగతావాటిలో ఈ కోర్సుకి పనికొచ్చేవి ఏరుకుంటే చాలు అనుకున్నాం.

ఏరడానికి కీవర్డ్ పద్ధతి వాడాం. మన కార్పస్‌ని ఇంకో కార్పస్‌తో పోల్చితే, మన దగ్గర అసాధారణంగా ఎక్కువగా వచ్చే మాటలు పైకి తేలతాయి. పోలికకి ముందు బ్రౌన్ కార్పస్ తీసుకున్నాం. 1961లో అమెరికాలో అచ్చయిన రచనల నుంచి 500 నమూనాలు, మొత్తం 10 లక్షల మాటలు. ఫలితం పనికిరాలేదు. జాబితా నెత్తి మీద "సో", "ఓకే", "యు", "వి", "దిస్" వచ్చి కూర్చున్నాయి. గణాంక శాస్త్రం మాట ఒక్కటీ పైన లేదు. కారణం సులువే. ఒకవైపు నోటిమాట, ఇంకోవైపు అచ్చు రచన. సాఫ్ట్‌వేర్ ఆ తేడానే చూపించింది. విషయం తేడా దాని కింద పడిపోయింది.

మార్పు: పోలికకి కూడా ఉపన్యాసాలే తీసుకున్నాం. అర్థశాస్త్రం ఒకటి, వృక్షశాస్త్రం ఒకటి, ఇదే పద్ధతిలో శుభ్రం చేసిన 3,02,000 మాటలు. అప్పుడు "శాంపిల్", "వేరియన్స్", "హైపోథెసిస్", "డిస్ట్రిబ్యూషన్" పైకి వచ్చాయి. లాగ్ లైక్లీహుడ్ విలువ (తేడా యాదృచ్ఛికం కాదని చెప్పే కొలత) 15.13 దాటినవి, 8 వారాల్లో కనీసం 3 వారాల్లో కనబడ్డవి మాత్రమే ఉంచాం. రెండో నిబంధన లేకపోతే ఒకే వీడియోలో పదేపదే వచ్చిన ఉదాహరణల మాటలు (ఒకచోట బ్యాటరీలు, ఒకచోట బంగాళాదుంపలు) జాబితాలోకి చొరబడతాయి.

మిగిలినవి 180 మాటలు. ఒక్కోదానికి తెలుగు అర్థం, రెండు వాక్యాలు. ఆరు పేజీల నోట్సు అయింది. జిరాక్స్ తీసి పంచాం.

ఇప్పటివరకు లెక్క: 180 మాటల నోట్సు, 34 కాపీలు.

నాలుగో దశ: నోట్సు పనిచెయ్యలేదు

అసైన్‌మెంట్ మార్కుల్లో కదలిక లేదు. పిల్లలు నోట్సు చదవలేదని అనుకోవడానికీ వీల్లేదు, చదివారు. వేరియన్స్ అంటే ఏమిటని అడిగితే చెబుతున్నారు. వీడియో మాత్రం ఆపి ఆపి చూస్తున్నారు. పొందూరు నుంచి వచ్చే కుర్రాడు ఒకడు అన్నాడు: "మాటలన్నీ తెలుసు సార్. మొత్తం కలిపి ఏటన్నారో తెల్డం లేదు."

ఈ మాటని కొలవాలనిపించింది. మూడో వారం వీడియోలకి పిల్లలందరికీ ఒక చీటీ ఇచ్చాం. చూస్తూ ఆగినప్పుడల్లా, వెనక్కి జరిపినప్పుడల్లా వీడియో నంబరు, నిమిషం, సెకను రాయమన్నాం. ఎందుకు ఆగారో రాయమనలేదు. కారణం అడిగితే మాకు నచ్చే జవాబు రాస్తారు. టైమ్ మాత్రం అడిగితే ఉన్నదున్నట్టు రాస్తారు.

412 ఆగిన చోట్లు వచ్చాయి. మొదటి దశలో దాచిన టైమ్ గుర్తులతో కలిపి, ప్రతి ఆగుడికీ ముందు పది సెకన్ల పాఠం బయటకి తీశాం. మేడమ్, నేను విడివిడిగా చదివి వర్గాలుగా గుర్తు పెట్టాం. తేడా వచ్చినచోట వీడియో పెట్టుకుని ఇద్దరం కలిసి విన్నాం.

– సాంకేతిక పదం దగ్గర: 71
– బోర్డు మీది సూత్రం లేదా లెక్క దగ్గర: 96
– వేగం, ఉచ్చారణ, శబ్దం: 58
– వాక్యం అల్లిక (వాక్యంలో ముక్కల్ని ఒకదానితో ఒకటి ముడివేసే మాటలు) దగ్గర: 187

మా 180 మాటల నోట్సు తగిలేది మొదటి వర్గానికే. 412లో 71. అంటే ఆగిన ఆరు చోట్లలో ఒకటి.

ఆ 71 కూడా ఎందుకంత తక్కువో కాంకార్డెన్స్ చెప్పింది. ప్రతి సాంకేతిక పదం మొదటిసారి ఎక్కడ వచ్చిందో తీసి, దాని చుట్టుపక్కల "ఈజ్ కాల్డ్", "వి కాల్ దిస్", "ఈజ్ డిఫైన్డ్ ఆజ్" ఉన్నాయేమో చూశాం. 180లో 116 పదాల్ని లెక్చరరే ఆ పక్క వాక్యాల్లో నిదానంగా వివరించారు. కొత్త మాట అని ఆయనకి తెలుసు, అందుకే ఆగి చెప్పారు. "ప్రొవైడెడ్ దట్", "అన్‌లెస్", "రాదర్ దేన్", "విత్ రెస్పెక్ట్ టు" ఎవరికైనా తెలుస్తాయి కదా అన్నట్టు వాటిని ఎవరూ వివరించరు. నిఘంటువులో వెతికితే అర్థం దొరుకుతుంది. వాక్యంలో అది ఏం పని చేస్తోందో దొరకదు.

ఆ 116 తీసేశాం. నోట్సులో 64 మిగిలాయి.

ఇప్పటివరకు లెక్క: 64 పదాలు. అల్లిక మాటలు ఇంకా సున్నా.

ఐదో దశ: అల్లిక మాటలు

ఈ దశకి ఎక్కువ సమయం పట్టింది. ఎవరైనా అనుసరిస్తే నేరుగా ఇక్కడి నుంచి మొదలుపెట్టినా తప్పులేదు.

1. ఆంట్‌కాంక్‌లో ఎన్‌గ్రామ్ (వరసగా వచ్చే మాటల గుత్తి) పనిముట్టు తెరిచి రెండు నుంచి నాలుగు మాటల గుత్తులు తీయాలి.
2. కనీసం 10 వీడియోల్లో ఉన్నవే ఉంచాలి. ఒక్క మాటగా వచ్చే "అన్‌లెస్", "వేర్‌యాజ్" లాంటివి ఇందులో రావు, వాటిని మాటల జాబితా నుంచి చేత్తో కలపాలి.
3. ఆ జాబితాని పిల్లలు ఆగిన 187 వాక్యాలతో సరిపోల్చాలి. రెండుచోట్లా ఉన్నవాటికే మొదటి స్థానం.
4. ప్రశ్నల ఫోల్డర్‌లో ఇదే పని విడిగా చెయ్యాలి.

రెండో మెట్టు తర్వాత కూడా పందొమ్మిది వందల దాకా మిగిలాయి. ఎక్కువ భాగం "ఆఫ్ ది", "ఇన్ దిస్" లాంటి పొట్టు. మూడో మెట్టు లేకపోతే ఆ గుట్టలో కూరుకుపోయేవాళ్లం. నాలుగో మెట్టులో ప్రశ్నల నుంచి వచ్చినవీ కలిపి చివరికి 46 తేలాయి.

నాలుగో మెట్టు చూపించింది ఇది. "అట్ మోస్ట్" అన్న గుత్తి 40 ఉపన్యాసాల్లో కలిపి 9 సార్లు వచ్చింది. 80 ప్రశ్నల్లో 14 సార్లు. పదివేల మాటలకి లెక్కేస్తే ఉపన్యాసాల్లో 0.58, ప్రశ్నల్లో 37.6. దాదాపు 65 రెట్లు! ప్రశ్నల కార్పస్ చిన్నది కాబట్టి 65 అన్న అంకెని పట్టుకు వేలాడక్కర్లేదు, కానీ తేడా ఏ వైపు ఉందో స్పష్టమే. "నో మోర్ దేన్", "నాట్ నెసెసరిలీ", "ఫాలోయింగ్ ఈజ్ నాట్" కూడా అంతే. మొత్తం 46లో 11 ఇలా ప్రశ్నల్లో దట్టంగా, ఉపన్యాసాల్లో అరుదుగా ఉన్నాయి. 20 గంటలు శ్రద్ధగా విన్న పిల్ల కూడా వాటిని సరిగ్గా వినకుండానే పరీక్ష గదిలోకి వెళ్తుంది. లెక్క వచ్చినా మార్కు పోతుంది. ఇది చూశాక నాకు కోపం వచ్చింది. పిల్లల మీద కాదు. ఇన్నేళ్లుగా వాళ్లకి "ఇంగ్లీషు వీక్" అని పేరు పెట్టి వదిలేశాం, ఎక్కడ వీక్ అని ఎవరమూ చూడలేదు.

పాఠం చెప్పే తీరులో కూడా మార్పు చెయ్యాల్సి వచ్చింది. అర్థాలు రాసి ఇస్తే సరిపోవడం లేదు. తెలుగులో షరతు ముందు వస్తుంది, క్రియ చివర వస్తుంది. "వాన పడకపోతే వెళ్తాను" అంటాం. ఇంగ్లీషులో తరచు ముందు వెళ్తానన్న మాట వచ్చేస్తుంది, "అన్‌లెస్" తర్వాత వస్తుంది. వినే పిల్ల మొదటి సగం విని సూత్రం రాసేసుకుంటుంది. అప్పటికి లెక్చరర్ షరతు చెప్పేసి తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోతారు. పిల్లలు ఆగిన 187 చోట్లలో ఇలా షరతు వెనక వచ్చినవే ఎక్కువ.

అందుకని ఒక్కో అల్లిక మాటకి ఒక కార్డు చేశాం. కార్డులో అదే కోర్సు నుంచి తీసిన ఆరు వాక్యాలు, ఆ మాట మధ్యలో వచ్చేలా ఒకదాని కింద ఒకటి. అర్థం రాయలేదు. "ఈ ఆరింటిలో ఈ మాటకి ముందు ఏముంది, తర్వాత ఏముంది, మొదట దేన్ని చదవాలి?" అన్న ప్రశ్న మాత్రం ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో టిమ్ జాన్స్ ప్రచారం చేసిన పద్ధతి ఇది. కాంకార్డెన్స్ లైన్లు విద్యార్థి ముందే పెట్టి, సూత్రాన్ని తననే పట్టుకోమనడం.

ఇది మొదట సగమే పనిచేసింది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు పట్టుకున్నారు. మిగతావాళ్లు ఆరు వాక్యాలూ చూసి బెదిరారు. కోర్సు వాక్యాలు పొడుగు, వాటిలో మళ్లీ తెలియని విషయాలు. రెండు మార్పులు చేశాం. ఆరుకి బదులు నాలుగు వాక్యాలు, మొదటి రెండూ పదిహేను మాటలు దాటనివి. కార్డు వెనక వైపు తెలుగులో మన ఊరి ఉదాహరణ ఒకటి.

"అట్ మోస్ట్" కార్డు వెనక పలాస జీడిపప్పు రాశాం. డబ్ల్యు 320 గ్రేడు అంటే పౌనుకి (సుమారు 454 గ్రాములు) 300 నుంచి 320 పూర్తి పప్పులు తూగాలి. పప్పు చిన్నదయ్యేకొద్దీ లెక్క పెరుగుతుంది. 320 దాటితే అది ఆ గ్రేడు కాదు. అదే "అట్ మోస్ట్ 320". పలాస అమ్మాయి ఆ కార్డు చూసి, డబ్ల్యు 240 కి 220 నుంచి 240 అని తనే చెప్పి, రెండు గ్రేడులకీ "అట్ లీస్ట్", "అట్ మోస్ట్" వాక్యాలు బోర్డు మీద రాసింది. క్లాసు మొత్తానికి ఆరోజు ఆ పాఠం తనే చెప్పింది.

ఇప్పటివరకు లెక్క: 64 పద కార్డులు, 46 అల్లిక కార్డులు. మొత్తం 110.

ఆరో దశ: తెలుగు వైపు

కార్డుల్లో ఏ తెలుగు వాడాలి? మీడియన్‌కి మధ్యగతం, మోడ్‌కి బాహుళకం, ప్రాబబిలిటీకి సంభావ్యత. ఇవి పదో తరగతి తెలుగు మీడియం లెక్కల పుస్తకంలో ఉన్నవి, పిల్లలకి వచ్చినవి. ఆ పై స్థాయి పదాలకి 1968లో ఏర్పడ్డ తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు ఉన్నాయి. అయితే పదకోశంలో ఉన్నంత మాత్రాన పిల్లలకి తెలిసినట్టు కాదు. అందుకే ఒక చిన్న తెలుగు కార్పస్ కూడా చేశాం. స్కూలు పుస్తకాల పీడీఎఫ్‌లు, తెలుగు వికీపీడియాలో లెక్కలు, సైన్సు వ్యాసాలు.

ఇక్కడ ఎదురైన చిక్కులు, ఒక్కోదానికి మందు:

1. కొన్ని పీడీఎఫ్‌లు పాత డీటీపీ ఫాంట్లలో ఉన్నాయి. చూడ్డానికి తెలుగే, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు. కన్వర్టర్‌తో మార్చినా ఒత్తులు చెదిరాయి. అవసరమైన అధ్యాయాలు మాత్రం చేత్తో టైపు చేయించాం.
2. పైథాన్‌లో మాటల్ని విడగొట్టే మామూలు పద్ధతి గుణింతాల గుర్తుల్ని అక్షరాలుగా లెక్కపెట్టదు. "తెలుగు" అన్న మాట "త", "ల", "గ" అని మూడు ముక్కలైంది. యూనికోడ్‌లో తెలుగుకి కేటాయించిన 128 స్థానాల్నీ కలిపి ఒకే వర్గంగా చెప్తే సరిపోయింది. ఆంట్‌కాంక్‌లో అయితే టోకెన్ (ఒక మాటగా లెక్కించే ముక్క) నిర్వచనం దగ్గర అక్షరాలతోపాటు "మార్క్" వర్గాన్ని కూడా టిక్ చెయ్యాలి.
3. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడ్డానికి కంటికి కనబడని జోడింపు నిరోధక గుర్తు ఒకటి ఉంటుంది. కొందరు టైపు చేస్తారు, కొందరు చెయ్యరు. ఒకే మాట రెండు వరసల్లో పడుతుంది. లెక్కించే కాపీలో ఆ గుర్తుని తీసెయ్యాలి, చదివే కాపీలో ఉంచాలి.

ఇవన్నీ అయ్యాక 1,50,000 తెలుగు మాటల్లో 41,000 వేర్వేరు రూపాలు వచ్చాయి. ఇంచుమించు అంతే పొడుగున్న ఇంగ్లీషు ఉపన్యాసాల్లో 5,900. విభక్తులు, క్రియారూపాలు మాటకి అంటుకునే భాష కాబట్టి తెలుగులో ఇది సహజం. మాట రూపాల మీద నడిచే ఇంగ్లీషు పద్ధతి తెలుగుకి అలాగే పనిచెయ్యదు. "సగటు" కోసం వెతికేటప్పుడు సగటున, సగటుకి, సగటుల అన్నీ రావాలంటే చివర నక్షత్రం గుర్తు పెట్టి వెతకాలి.

నిర్ణయం: స్కూలు పుస్తకాల్లో ఉన్న తెలుగు పదం అయితే అదే వాడాం. అక్కడ లేకపోతే ఇంగ్లీషు పదాన్నే తెలుగు లిపిలో రాసి, పక్కన వాడుక తెలుగులో ఒక వాక్యం. గిడుగు రామమూర్తి గారు ఈ జిల్లావారే, వంశధార ఒడ్డున పర్వతాలపేటలో 1863లో పుట్టారు. చదువు జనం మాట్లాడే భాషలో ఉండాలని జీవితమంతా పోరాడారు. సవర గిరిజనుల భాష నేర్చుకుని, మాట్లాడేవాళ్ల నోటి నుంచే మాటలు, కథలు, పాటలు సేకరించి నిఘంటువు చేశారు. కంప్యూటర్ లేని రోజుల్లో ఆయన చేసింది కార్పస్ పనే. మా కార్డుల్లో గ్రాంథికం దొర్లినప్పుడల్లా మేడమ్ ఆయన పేరు గుర్తు చేసి కొట్టేశారు.

ఏడో దశ: ఫోనులోకి

కంప్యూటర్లో కాంకార్డెన్స్ లైన్లు నిలువుగా సరిగ్గా నిలబడతాయి. ఫోనులో నిలబడవు, తెర చిన్నది కాబట్టి లైను విరిగిపోతుంది. పిల్లలు చూసేదేమో ఫోనులోనే, అదీ ఎక్కువగా బస్సులో. నిలువు అమరిక వదిలేసి, వాక్యానికో లైను ఇచ్చి, ముఖ్యమైన మాటని బోల్డ్ చేశాం. వారానికి ఒక పీడీఎఫ్, రెండు పేజీలు, వాట్సాప్‌లో. సైజు తగ్గాలంటే పేజీని ఫొటోగా పెట్టకండి, అక్షరాలుగానే ఉంచండి.

కార్డు వెనక ఉన్న తెలుగు భాగాన్ని మేడమ్ చదివి ఆడియో కూడా పెట్టారు. రాసిన పేజీల కంటే అది ఎక్కువ విన్నారని పిల్లలే చెప్పారు.

ఎనిమిదో దశ: కొలత

అల్లిక కార్డులకి ముందు, తర్వాత ఒకే స్థాయి ప్రశ్నలతో రెండు చిన్న పరీక్షలు పెట్టాం. ఒక్కోదానిలో 20 ప్రశ్నలు. 10 ప్రశ్నల్లో "అట్ మోస్ట్", "అన్‌లెస్" లాంటివి ఉంటాయి. మిగతా 10 అవే లెక్కలు, సూటి వాక్యాల్లో. రెండు పరీక్షలూ రాసినవాళ్లు 29 మంది.

– అల్లిక మాటలున్న ప్రశ్నలు, పదికి సగటు: ముందు 4.3, తర్వాత 6.9
– సూటి ప్రశ్నలు, పదికి సగటు: ముందు 6.1, తర్వాత 6.6

రెండో వరస చాలా ముఖ్యం. అది లేకపోతే మొదటి వరసలో పెరిగినదంతా కార్డుల వల్లే అనేసుకుంటాం. ఈ మధ్యలో కోర్సు కూడా నడిచింది కాబట్టి లెక్కలూ కొంత మెరుగయ్యాయి, ఆ 0.5 అదే. కార్డులు ఇవ్వని గుంపు ఒకటి పెడితే కొలత ఇంకా గట్టిగా ఉండేది. కానీ పరీక్ష దగ్గరపడుతుండగా సగం మందికి ఇచ్చి సగం మందికి ఆపడానికి మా ఇద్దరికీ మనసొప్పలేదు.

మూడో వారంలో ఇచ్చిన చీటీనే ఏడో వారం మళ్లీ ఇచ్చాం. ఈసారి 263 ఆగిన చోట్లు. వాటిలో వాక్యం అల్లిక దగ్గర 74, బోర్డు మీది లెక్క దగ్గర 101. పిల్లలు ఇప్పుడు ఎక్కువగా ఆగుతున్నది లెక్కల దగ్గర. అది మేడమ్ చూసుకుంటారు.

మిగిలిన 74 విప్పి చూస్తే సగానికి పైగా ఒకే రకం: "హూ", "విచ్", "దట్" తర్వాత వచ్చే పొడుగాటి వివరణలు. "పరీక్షలో 60 దాటిన, హాస్టల్లో ఉంటున్న విద్యార్థి" అని తెలుగులో ముందే వచ్చేదంతా ఇంగ్లీషులో విద్యార్థి తర్వాత తోకలా వస్తుంది. షరతుతో సంభావ్యత అడిగే ప్రశ్నలు చాలావరకు ఈ అచ్చులోనే ఉంటాయి. గుత్తుల పద్ధతితో ఇవి దొరకవు, ఎందుకంటే ప్రతిసారీ మాటలు మారతాయి. ప్రస్తుతం ప్రశ్నల ఫోల్డర్ నుంచి ఇలాంటి వాక్యాల్ని చేత్తో ఏరుతున్నాం, 31 అయ్యాయి. ఒక్కోదాన్ని నాలుగు చీటీలుగా కత్తిరించి, తెలుగు వరసలో ఒకసారి, ఇంగ్లీషు వరసలో ఒకసారి పేర్చమని ఇవ్వాలని అనుకుంటున్నాం. వచ్చే బ్యాచ్‌కి మొదటి వారంలోనే ఇస్తాం, ఆగిన చోట్ల చీటీ రెండో వారం నుంచే మొదలవుతుంది.

ఇప్పటివరకు లెక్క: ఇంగ్లీషు 1,60,120 మాటలు, తెలుగు 1,50,000, కార్డులు 110, ఆడియోలు 46, చేత్తో ఏరిన పొడుగు వాక్యాలు 31.